బల్ల ఎటు తిప్పాలి: వీపు వెనక తలుపు, చెక్క ముక్కల గుట్ట (ప్రాజెక్టు డైరీ)

ముందు సెటప్ చెప్పేస్తా, ఎవరైనా ఇదే చేయాలనుకుంటే ఇక్కణ్ణించే మొదలెట్టొచ్చు. చెక్కతో చిన్న చిన్న పక్షి బొమ్మలు చెక్కడం నా హాబీ. పని బల్ల గోడకి ఆనించి ఉంది, కూర్చుంటే మొహం గోడవైపు, వీపు వెనక 2.6 మీటర్ల దూరంలో తలుపు. చెక్కుతూ చెక్కుతూ ఊరికే వెనక్కి తిరిగి చూస్తున్నా, తిరిగినప్పుడల్లా కత్తి మొన పెన్సిల్ గీత దాటిపోతోంది. రెండో సమస్య, వాడే చెక్క కంటే ఏరుకొచ్చే చెక్క చాలా ఎక్కువ. ఈ రెండిటికీ "అది పూర్వీకుల నుంచి వచ్చిన ఇన్‌స్టింక్ట్" అనే సమాధానం చాలా ఈజీగా దొరుకుతుంది, అది నిజమే అయ్యుండొచ్చు కూడా, కానీ ఆ ఒక్క ముక్కతో బల్ల ఎటు తిప్పాలో తెలీదు కదా. అందుకే ఆ వివరణ మిగతా మామూలు వివరణలతో పోటీపడి గెలుస్తుందో లేదో చూసేలా పని ప్లాన్ చేశా.

దశ 0: రూల్స్

1979లో స్టీఫెన్ జే గూల్డ్, రిచర్డ్ లెవాంటిన్ అనే ఇద్దరు జీవ పరిణామ శాస్త్రవేత్తలు కలిసి రాసిన పేపర్ ఒకటుంది. ఒంట్లో కనపడే ప్రతి లక్షణానికీ ఏదో ఒక ఉపయోగం కోసమే పుట్టిందని కథ అల్లడం, ఆ కథ పడిపోతే ఇంకో కథ అల్లడం, అంతేగానీ అసలు అది ఉపయోగం కోసమే వచ్చిందా అని అడగకపోవడం, వాళ్ళ కంప్లైంట్ అది. హాబీల గురించి మనం మాట్లాడుకునేదాంట్లో ఇదే ఎక్కువ కనపడుతుంది నాకు. గోడకి రాసి అంటించుకున్న రూల్స్ ఇవి:

1. ఏ మార్పు చేసినా చేసే ముందే మూడు వివరణలు రాయాలి: పుట్టుకతో వచ్చిన గుంజుడు, మామూలు భౌతిక కారణం (శబ్దం, వెలుగు, నడుం నొప్పి), అలవాటు.
2. ఏ రిజల్ట్ వస్తే ఏ వివరణ ఓడిపోతుందో అది కూడా ముందే రాయాలి.
3. ఒకసారికి ఒక్కటే మార్చాలి.
4. మూడూ ఓడిపోతే "తేలలేదు" అని రాసి పక్కన పెట్టేయాలి, నాలుగో కథ అల్లకూడదు.

ఇంకో హద్దు కూడా పెట్టుకున్నా. 1963లో నికో టిన్‌బర్గెన్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్త ఒక ప్రవర్తన గురించి నాలుగు ప్రశ్నలు వేరువేరుగా అడగాలన్నాడు: ఇప్పుడు ఎలా పనిచేస్తోంది, ఒక జీవి పెరిగే క్రమంలో ఎలా తయారైంది, బతకడానికి ఎలా పనికొస్తోంది, తరతరాల్లో ఎలా వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని కొలిస్తే మొదటిదానికి జవాబు వస్తుంది, రెండోదానికి కొంచెం. నాలుగోది బల్ల మీద తేలేది కాదు, దానికి వేరే జంతువుల్ని చూసినవాళ్ళ పని అరువు తెచ్చుకోవాల్సిందే.

దశ 1: లెక్కపెట్టే పద్ధతి

కావాల్సినవి: ఫోన్, స్టాండ్, కొలత టేపు, చేతిలో నొక్కే ట్యాలీ కౌంటర్, లక్స్ (వెలుగు ఎంతుందో చెప్పే కొలత) చూపించే యాప్, చెవులు మూసే ఇయర్ మఫ్‌లు.

ముందు నేనే చెక్కుతూ మనసులో లెక్కపెట్టడం ట్రై చేశా, అది అస్సలు పనికిరాలేదు, లెక్కపెడుతున్నా అన్న ధ్యాసకే తిరగడం సగానికి పైగా తగ్గిపోయింది. తర్వాత వీడియో. కొత్తలో తీసినవి కూడా పారేశా ఎందుకంటే అప్పుడు తలుపు కంటే కెమెరావైపే ఎక్కువ చూస్తున్నా, కెమెరా అక్కడ ఉందన్న సంగతి మర్చిపోయాకే లెక్క మొదలెట్టాలి. చివరికి కుదిరిన పద్ధతి:

1. ఫోన్ పక్కనుంచి, ఫ్రేములో తల, భుజాలు మాత్రమే. గది కనపడకూడదు.
2. గడ్డం భుజం గీత దాటితేనే "ఒకటి". నిజంగా ఎవరైనా లోపలికొస్తే తిరిగింది లెక్కలోకి రాదు.
3. లెక్కపెట్టేది మా అక్క, వీడియోకి సౌండ్ తీసేసి, రెండింతల స్పీడులో. బల్ల ఎటుందో, తలుపు మూసుందో తెరిచుందో తనకి చెప్పను.
4. ఇయర్ మఫ్‌లు ప్రతి సిట్టింగులోనూ పెట్టుకోవాలి, శబ్దం వినపడాల్సిన సిట్టింగుల్లో లోపలి ఫోమ్ తీసేసి. ఇలా చేస్తే వీడియో చూసి అక్క ఏదీ ఊహించలేదు, పైగా మఫ్‌ల బరువు వల్ల తేడా వచ్చిందేమో అన్న డౌటు కూడా పోతుంది.

పాత సెటప్‌లో, తలుపు తెరిచి ఉన్నప్పుడు, గంటకి సగటున 17 సార్లు.

దశ 2: శబ్దమా, కాపలానా

నా మొదటి అనుమానం శబ్దం మీదే. బయట చప్పుళ్ళు దృష్టి లాగేస్తున్నాయి, చెవులు మూస్తే తగ్గిపోతుంది, ఇది మామూలు వివరణ. కాపలా వివరణ, అంటే వెనక నుంచి ఎవరైనా వస్తారేమో అని పుట్టుకతో వచ్చిన గుంజుడే చూసుకునేలా చేస్తోందన్నది, దీనికి పూర్తిగా రివర్స్‌లో చెప్తుంది, చెవులు మూస్తే వెనక ఏం జరుగుతోందో తెలిసే దారి ఒకటి పోతుంది కాబట్టి కళ్ళతో చూసుకోవడం పెరగాలి. రెండు వివరణలు ఇంత స్పష్టంగా ఎదురెదురు పందెం కాసే టెస్టు దొరకడం కష్టం, దొరికితే వదలకూడదు.

ఫోమ్ పెట్టిన మఫ్‌లతో: గంటకి 23. పెరిగింది. శబ్దం వివరణ ఓడిపోయింది.

తలుపు మూసి గడియ పెట్టా: 9. అంటే వెనక ఉన్నది తలుపా గోడా అన్నదాని కంటే అందులోంచి ఎవరైనా రాగలరా అన్నదే తేడా. కానీ ఇంట్లో మనుషులున్నప్పుడు ప్రతిసారీ గడియ పెట్టుకుని కూర్చోవడం కుదరదు కాబట్టి దీన్ని పరిష్కారంగా తీసుకోలేదు.

తర్వాత అద్దం. 20 × 30 సెం.మీ. అద్దం కళ్ళకి 40 సెం.మీ. దూరంలో గోడకి బిగించా, తలుపు అందులో పూర్తిగా కనపడేలా. తల తిప్పడం 3కి పడిపోయింది, చూస్తే అద్భుతం. కానీ అక్క వీడియో చూసి "ఒరేయ్, నువ్వు తల తిప్పట్లేదు గానీ కళ్ళు మాత్రం ఆగట్లేదు, అవి కూడా లెక్కపెట్టనా?" అంది. లెక్కపెడితే గంటకి 20. చూసుకోవడం తగ్గలేదన్నమాట, తల తిప్పే శ్రమ పోయింది కాబట్టి ఇంకొంచెం పెరిగింది కూడా. కత్తి పనికి ఇది ఇంకా డేంజర్, తల తిప్పేటప్పుడు చెయ్యి ఆగుతుంది, కన్ను తిప్పేటప్పుడు చెయ్యి ఆగదు. అద్దం తీసేశా. ఎవరైనా ఇది కాపీ చేస్తుంటే, కంప్యూటర్ బల్లకి అద్దం పెట్టుకోవచ్చేమో గానీ పదునైన పనిముట్లు ఉన్న చోట వద్దు.

మడత తెర: 140 సెం.మీ. ఎత్తు, కూర్చున్నప్పుడు నా తల 118 సెం.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి వీపు పూర్తిగా కవర్ అవుతుంది. తిరగడం 11కి తగ్గింది, కానీ మధ్యమధ్యలో లేచి తెర పైనుంచి చూడటం అనే కొత్త అలవాటు మొదలైంది, అది ముందు లేనే లేదు. 1975లో జే యాపిల్టన్ అనే బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త, మనుషులకి నచ్చే చోట్ల గురించి ఒక ఆలోచన చెప్పాడు, మనం ఎవరికీ కనపడకుండా మనకి మాత్రం చుట్టూ అంతా కనపడే చోటు మనకి హాయిగా ఉంటుందని. తెర ఇందులో సగమే ఇచ్చింది, దాక్కోడానికి ఉంది, చూడ్డానికి లేదు.

ఇక బల్లే తిప్పా. వీపు గది మూలకి, ఎడమ భుజం గోడకి, తలుపు ఎదురుగా కొంచెం కుడివైపు, దాదాపు 60 డిగ్రీల కోణంలో. తల తిప్పడం 4. కళ్ళెత్తి చూడటం ఉంది గానీ అది ఊరికే అలా ఎత్తి దించేయడం, చెయ్యి ఆగే పని కూడా లేదు.

అయితే వెలుగు దెబ్బతింది. నేను కుడిచేతి వాటం, పాత సెటప్‌లో కిటికీ ఎడమవైపు ఉండేది, ఇప్పుడు కుడివైపుకి వచ్చింది, దాంతో సొంత చేతి నీడే కత్తి మొన మీద పడుతోంది. మొన దగ్గర పాత సెటప్‌లో 430 లక్స్, ఇప్పుడు 150. ఫోన్ యాప్ లక్స్ మీటరంత కరెక్టు కాదు, అదే ఫోన్‌తో రెండు చోట్లా కొలిస్తే పోలికకి సరిపోతుంది. ఎడమ గోడకి 45 సెం.మీ. ఎత్తులో మడత చేతుల దీపం బిగిస్తే 460 వచ్చింది.

ఇప్పటిదాకా లెక్క (గంటకి తల తిప్పడం): పాత సెటప్ 17, చెవులు మూస్తే 23, గడియతో 9, అద్దంతో 3 (కళ్ళతో 20), తెరతో 11, మూల సెటప్ 4.

దశ 3: ఇంకో మనిషి

ఇది ప్లాన్‌లో లేదు, అనుకోకుండా వచ్చింది, కానీ మొత్తం ప్రాజెక్టులో నాకు ఎక్కువ విలువైంది ఇదే అనిపిస్తోంది. పాత సెటప్ లెక్కల్లో కొన్ని సిట్టింగులు మరీ తక్కువగా వచ్చాయి, 4, 5, 6 అలా. నోటు బుక్కు తిరగేసి చూస్తే ఆ టైములో అక్క అదే గదిలో, నా వెనక, తలుపుకి ఎదురుగా కూర్చుని చదువుకుంటోంది. బల్ల అదే, తలుపు అక్కడే, తెరిచే ఉంది. ఆ సిట్టింగుల్ని 17 సగటులోంచి తీసేసి వేరే కాలమ్‌లో పెట్టా (పైన రాసిన 17 అవి తీసేశాక వచ్చిందే).

కలిసి మేసే పక్షుల గురించి 1973లో రోనల్డ్ పులియం చెప్పింది సరిగ్గా ఇలాగే ఉంటుంది: గుంపు పెద్దదయ్యేకొద్దీ ఒక్కో పక్షి తల ఎత్తి చూడాల్సిన అవసరం తగ్గుతుంది, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు కాబట్టి. 1980లో బ్రయన్ బెర్‌ట్రమ్ ఉష్ట్రపక్షుల్ని చూసి ఇదే రిపోర్ట్ చేశాడు, గుంపులో ఉన్నది ఒంటరిదాని కంటే తక్కువసేపు తల ఎత్తుతుంది. మనుషుల్లో అయితే టాంజానియాలో వేటా, ఏరుకోవడం మీద బతికే హడ్జా జనం మీద 2017లో వచ్చిన స్టడీ ఉంది, 33 మంది పెద్దవాళ్ళ నిద్రని 20 రోజులు రికార్డు చేస్తే అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది మొత్తం కలిపి 18 నిమిషాలే. వాళ్ళు కాపలా డ్యూటీలు వేసుకోలేదు, వయసుని బట్టి ఒక్కొక్కరి నిద్ర టైమింగ్ ఒక్కోలా ఉండటం వల్ల ఎవరో ఒకరు మెలకువగా ఉండేవాళ్ళు.

కానీ రూల్ ప్రకారం మామూలు వివరణ కూడా రాయాలి: అక్క పక్కనుంటే కబుర్లుంటాయి, బోర్ కొట్టదు, అందుకే తిరగట్లేదేమో. దీన్ని విడగొట్టడానికి:

1. అక్క గదిలోనే, తలుపుకి ఎదురుగా, మాట్లాడకుండా పుస్తకం: 5.
2. అక్క గదిలోనే, తలుపుకి వీపు పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో పుస్తకం, మాటల్లేవు: 10.
3. అక్క పక్క గదిలో, కబుర్లు చెప్తూ, తను కనపడదు: 14.

కబుర్లే కారణమైతే మూడోదాంట్లో బాగా తగ్గాలి, తగ్గలేదు. తోడు ఉంటే చాలు అన్నదే కారణమైతే మొదటిదీ రెండోదీ ఒకేలా రావాలి, అలా కూడా రాలేదు. తోడుకి కొంత, ఆ తోడు తలుపు చూస్తూ ఉండటానికి ఇంకొంత, రెండూ కలిసి పనిచేస్తున్నాయి. నా వీపు వెనక ఎవరి కళ్ళు తలుపు మీదున్నాయో నాకు తెలీకుండానే లోపల ఎక్కడో లెక్క నడుస్తోందంటే ఆ రోజు చాలాసేపు పని వదిలేసి ఆ నంబర్లే చూస్తూ కూర్చున్నా. ఇది ఇప్పుడు ఎలా పనిచేస్తోందో చెప్తుంది, లక్షల ఏళ్ళ నుంచీ ఉందని చెప్పదు. కానీ పక్షుల దగ్గర, మనిషి దగ్గర లెక్క ఒకే వైపు వంగితే ఆ అనుమానానికి బలం వస్తుంది.

ఇక దీన్ని అడ్డంగా కొట్టేది కూడా రాయాలి. అక్కని బల్ల దగ్గర కూర్చోబెట్టి నేను లెక్కపెట్టా, పాత సెటప్‌లో తనది 3, మూల సెటప్‌లో కూడా 3. "నాకు తలుపు ఎటున్నా ఒకటే రా" అని ముందే చెప్పింది. అందరికీ పుట్టుకతో ఉంటే తనకేది?

దీనికి నాకు దారి చూపించింది సూసన్ మినేకా అనే సైకాలజిస్టు కోతుల మీద చేసిన ప్రయోగాలు, 1980ల్లోవి. ల్యాబులో పెరిగిన రీసస్ కోతులకి పాములంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పాముని చూసి బెదిరిపోతుంటే ఆ దృశ్యం చూశాక వీటికీ భయం పట్టుకుంది, చాలా త్వరగా. 1989లో కుక్, మినేకా వీడియో ఎడిట్ చేసి అదే బెదురుని పాము బదులు పూలని చూసి బెదిరినట్టు చూపించారు, పూలంటే భయం మాత్రం రాలేదు. అంటే వారసత్వంగా వచ్చింది రెడీమేడ్ భయం కాదు, కొన్నిటి మీద భయం తొందరగా అంటుకునే గుణం. ఆ గుణం ఉన్నా అది దేనికి అంటుకుంటుంది, ఎంత గట్టిగా అంటుకుంటుంది అన్నది పెరిగిన ఇల్లూ చూసిన మనుషులూ డిసైడ్ చేస్తారు. అక్కకీ నాకూ గదులు వేరు, స్నేహాలు వేరు, పడిన ఉలికిపాట్లు వేరు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా 3 వస్తే వాళ్ళకి బల్ల తిప్పే పని లేదు, వెలుగు బాగున్న చోటే ఉంచేయండి.

దశ 4: ముక్కల గుట్ట

ఎండి రాలిన కొమ్మలు, పాత ఫ్రేముల్లోంచి పీకిన ముక్కలు. బరువు తూచి రాయడం మొదలెట్టాక లెక్క: లోపలికి వచ్చింది 31 కేజీలు, బొమ్మలయ్యింది (పేళ్ళూ పొట్టూ కూడా కలిపి) 6 కేజీలు. మిగిలింది 25, బల్ల కింద కాలు పెట్టే చోటు లేదు.

1890లోనే విలియం జేమ్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు మనిషి ఇన్‌స్టింక్టుల లిస్టులో పోగుచేసుకునే గుణాన్ని కూడా రాశాడు. ఆ మాటతో ఆగిపోతే పరిష్కారం ఏంటి, ఏమీ లేదు. "పోగుచేయడం" అనేది ఒకటే పనా లేక లోపల వేరువేరు పనులున్నాయా అని విడగొట్టా: వెతకడం, కనిపెట్టడం, పట్టుకోవడం, ఇంటికి తేవడం, దాచడం.

టెస్టు 1. అక్క అదే రకం చెక్క, అదే సైజులో కోసిన ముక్కలు పెట్టెలో రెడీగా పెట్టింది. దాచుకోవడమే అసలు గుంజుడైతే పెట్టె నిండుగా ఉంది కాబట్టి ఏరడం ఆగాలి. ఆగలేదు.

టెస్టు 2. దొరికినదాన్ని ఫోటో తీసి, టేపుతో కొలత రాసుకుని అక్కడే వదిలేయాలి. కనిపెట్టడమే అసలు మజా అయితే ఇది సరిపోవాలి. ఎక్కువ ముక్కలకి సరిపోయింది, నేనే ఆశ్చర్యపోయా. ఇక్కడ మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పని గుర్తుకొస్తుంది, 1997లో డయాన్, మాంటేగ్‌తో కలిసి రాసిన పేపర్: మెదడులో డోపమీన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు బాగా స్పందించేది అనుకోకుండా వచ్చిన బహుమతికి, ముందే తెలిసిన బహుమతికి స్పందన ఉండదు. అక్క పెట్టెలో ముక్కలు ముందే తెలిసినవి, దారిలో కొమ్మ తెలీనిది.

కానీ కొన్ని ముక్కల్ని వదల్లేకపోయా. అవేంటా అని చూస్తే దాదాపు అన్నీ కొలవడానికి చేత్తో తీసినవే. కన్ను చూసినవి అక్కడే ఉన్నాయి, చెయ్యి పట్టుకున్నవి ఇంటికొచ్చాయి. 1990లో కానిమన్, నెచ్, థేలర్ కాఫీ కప్పులతో చేసిన ప్రయోగంలో ఇదే లాంటిది ఉంది, కప్పు చేతికొచ్చినవాళ్ళు దాన్ని వదులుకోడానికి అడిగిన ధర, కప్పు రానివాళ్ళు కొనడానికి ఇస్తామన్న ధర కంటే దాదాపు రెండింతలు. ఒకసారి నాది అయ్యాక దాని లెక్కే మారిపోతుంది.

దీన్ని బట్టి మార్చినవి:

1. కొలత టేపు బదులు ఫోటోలో పక్కన పెన్సిల్ పెట్టి సైజు అంచనా. చెయ్యి తగలకూడదు.
2. ఇంటికి తేవాలంటే అప్పటికే కాగితం మీద గీసిన బొమ్మ ఉండాలి.
3. పెట్టెకి పై గీత, 10 కేజీలు. గీత దాటితే కొత్తది వచ్చే ముందు పాతది వెళ్ళిపోవాలి.

మూడోది వర్కవుట్ అవ్వలేదు, పాతదాన్ని బయటికి పంపాలంటే చేతిలోకి తీసుకోవాలి, తీసుకుంటే మళ్ళీ నాది అయిపోతుంది. ఇప్పుడు పాతవి ఏరి పంపే పని అక్కది, నేను గదిలో ఉండను. మొదటి రెండు రూల్స్ వచ్చాక లోపలికొచ్చింది 2 కేజీలే, వాడింది 3.

ఇప్పటిదాకా లెక్క: వచ్చింది 33, వాడింది 9, బయటికి పంపింది 13, పెట్టెలో 11.

దశ 5: మంట

ఇది చిన్నగానే ముగించేస్తా. 2014లో క్రిస్టఫర్ లిన్ స్టడీలో చిటపట శబ్దంతో సహా మంట వీడియో చూసినవాళ్ళకి బీపీ తగ్గింది, శబ్దం లేకుండా చూస్తే అలా తగ్గలేదు. శాండ్‌పేపర్ పని టైములో కొవ్వొత్తి పెట్టి నాడి కొలుద్దామనుకున్నా. రెండు సిట్టింగుల్లోపే ఆపేశా, శాండ్‌పేపర్ పొట్టు గాల్లో తేలుతుంది, సన్నటి చెక్క పొడి దగ్గర నిప్పు పెట్టకూడదు, ఇది ఎవరూ కాపీ చేయొద్దు. రిజల్ట్: తేలలేదు.

ఇప్పుడున్న సెటప్

వీపు మూలకి, తలుపు 60 డిగ్రీల్లో, ఎడమ దీపంతో మొన దగ్గర 460 లక్స్, బల్ల కింద ఒక్క పెట్టె. వెనక్కి తిరిగినప్పుడు గీత దాటిన కోతలు పాత సెటప్‌లో ప్రతి బొమ్మ మీదా రెండు మూడు ఉండేవి, మూల సెటప్‌లో చెక్కిన బొమ్మల్లో ఒక్కదాని మీదే ఉంది, అది కూడా దీపం బిగించక ముందు నీడలో జరిగింది.

నెక్స్ట్ చేయాల్సింది దశ 3కి మిగిలిన భాగం. తలుపు చూసే మనిషి బాగా తెలిసినవాళ్ళు కావాలా, కొత్త మనిషైనా చాలా? కొత్తవాళ్ళయితే తిరగడం తగ్గే బదులు పెరుగుతుందని నా అంచనా, అప్పుడు చూసుకోవాల్సింది తలుపుని కాదు ఆ మనిషిని అవుతుంది. అంచనా రాసి, తేదీ వేసి, కవర్లో పెట్టి అక్కకి ఇచ్చా. ఫ్రెండ్ వాళ్ళ ఫ్రెండ్ ఒకతను వచ్చి కూర్చుంటానన్నాడు, పాత సెటప్‌కే బల్ల మళ్ళీ తిప్పాలి, దీపం మాత్రం విప్పను, ఈసారి వెలుగు రెండు చోట్లా 430 దగ్గరే ఉండేలా ముందే సెట్ చేస్తా.